నీళ్ళు వచ్చిన రోజు

అరసికెరె,
8 జూన్ 2025

మామా,

నమస్కారం. ఒళ్ళు బాగానే ఉంది, మనసే కుదురుగా లేదు. నీ చెవులకు ఫోను పనికిరాదు, పైగా ఇది గొంతు చించుకుని అరిచి చెప్పే సంగతి కాదు. అందుకని నువ్వు నేర్పిన తెలుగు అక్షరాలతోనే రాస్తున్నాను. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపకు. నాకిప్పుడు ఇరవై ఆరేళ్ళు.

పోయిన ఆదివారం అమ్మ, చెల్లి చైత్ర నా క్వార్టర్స్ చూడడానికి వచ్చారు. నేను ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది, అమ్మ రావడం ఇదే మొదలు. నేల రెండుసార్లు తుడిచాను, మంచం మీద కొత్త దుప్పటి పరిచాను. అమ్మ చెప్పులు విడిచి లోపలికి వచ్చి అన్నీ తిరిగి చూసింది. మంచం, బీరువా, డ్యూటీకి మోసుకుపోయే పెట్టె, వంటగదిలో ఒక కుక్కరు. కూర్చోమంటే కూర్చోలేదు మామా.

"ఇది ఇల్లు గాదు పాపా, వెయిటింగ్ రూము. యాడన్నా పచ్చగా ఒక్క ఆకుండాదా? నువ్వు ఈడ బతుకుతాండావా, బండి కోసం కాచుకోనుండావా?" అంది.

ఆ మాట అంతటితో పోయుంటే నేనూ నవ్వేసి ఊరుకునేదాన్ని. అసలు విషయం చైత్రది. అది నా మాదిరే అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్ష ప్యాసయింది కదా, ట్రైనింగుకు రమ్మని ఆర్డరు కూడా వచ్చేసింది. సెప్టెంబరు పదిహేనున చేరాలి. అమ్మ నా గది చూసి పంపనని తేల్చేసింది. ఒక బిడ్డ స్టేషన్లో ప్యాసింజరు మాదిరి బతుకుతున్నది చాలు, రెండో దాన్ని కూడా అట్లా వదిలేది లేదన్నది. చైత్ర సంగతి నీకు తెలుసు, అమ్మ సరే అనకుండా గడప దాటదు. రైల్లో తిరిగిపోయేటప్పుడు కిటికీలోంచి నన్ను చూసి ఏడ్చింది.

నేను బతిమాలితే అమ్మ ఒక్క మాట ఇచ్చింది. ఇప్పుడు వేసిన పట్టుపురుగులు, ఆ తర్వాతి పంట కూడా గూళ్ళు కట్టి మార్కెట్టుకు పోయాక, ఆగస్టులో మళ్ళీ వస్తుందట. అప్పటికి ఇది ఇల్లు మాదిరి కనబడితే చైత్ర సంగతి ఆలోచిస్తుందట.

కాబట్టి నాకు చెట్లు కావాలి మామా. ఇంట్లో పెట్టుకునేవి. ఒక్కోసారి మూడు నాలుగు రోజులు ఇంటికి రాకుండా బండి మీద లైన్లోనే ఉంటాను, అందుకని వాటికి పెద్దగా సేవ అక్కర్లేకుండా ఉండాలి. ఊరిగాం స్కూలు తోటంతా నీ చేతిమీదే కదా నడుస్తున్నది. నువ్వే ఏరి పంపు.

నీ మేనకోడలు,
నయన


ఆండర్సన్‌పేట,
15 జూన్ 2025

నయనమ్మకు మామ ఓబలప్ప దీవించి రాసేది,

ఉత్తరం అందింది. రెండు దీర్ఘాలు, ఒక వత్తు తప్పు. దిద్దలేదు, ఊరికే చెబుతున్నా.

మీ అమ్మ మాటకు బాధపడవద్దు. పొద్దుకు నాలుగుసార్లు లెక్కగా మల్బరీ ఆకు వేసి పురుగుల్ని సాకే మనిషి ఆమె. ఒక్క పూట ఆలస్యమైతే ఆ పురుగులు తలలెత్తి చూస్తాయట. అట్లాంటి మనిషికి ఏ ప్రాణీ లేని గది చూస్తే గుండె జారదా? ఆమె కోపం నీ మీద కాదు, ఆ ఖాళీ గోడల మీద.

ఇంక చెట్ల సంగతి. నువ్వడిగింది సరైన మనిషినే. బంగారు గని మూసి ఇరవై నాలుగేళ్ళయింది. డ్రిల్లు మిషను నా చెవులు తీసుకున్నది గానీ చేతుల్ని వదిలిపెట్టింది. ఆ చేతులతో ఇప్పుడు స్కూలు ముందర మూడు వందల కుండీలు సాకుతున్నాను. మా వీధిలో, బంగారం తీసి పోసిన మట్టి, ఆ సైనైడు దిబ్బ మీది నుంచి లేచే ఆషాఢం దుమ్ము నీకు తెలుసు కదా, కడిగిన గిన్నె అరగంటలో బూడిదరంగుకు తిరుగుతుంది. ఆ దుమ్ము తిని కూడా నా ఇంట్లో నూనె డబ్బాల్లో చెట్లు నవనవలాడుతున్నాయి. ఈ మాట నేను చెప్పుకుంటే గొప్పలంటారు, అయినా చెప్పుకుంటాను.

నువ్వు గులాబీ జోలికి పోవద్దు. గులాబీ అంటే కొత్త అల్లుడు, వేళకు అన్నీ జరగాలి, లేకపోతే ముఖం ముడుచుకుంటుంది. మల్లెకు ఎండ కావాలి, నీ గదికి అంత ఎండ రాదు. నీకు తగినవి ఏరి పెట్టాను. స్నేక్ ప్లాంటు కత్తులు నిలబెట్టినట్టుంటుంది, మూల చీకట్లో పెట్టినా అలగదు. మనీ ప్లాంటును కిటికీ పక్కన పెట్టి తాడు కట్టు, అదే పాకుతుంది. కలబందను వరండాలో పెట్టు. దొడ్డపత్రె, అదే వామాకు, తుంచి ఇచ్చిన కొమ్మే అయినా మూడు వారాల్లో కుండీ నింపేస్తుంది. దగ్గొస్తే రెండాకులు నమలవచ్చు, మీ అమ్మ వస్తే బజ్జీ వేసి పెట్టవచ్చు.

వీటికి ఎరువు అక్కర్లేదు, మందు అక్కర్లేదు. మన ఇంట్లో చేసినట్టే చెయ్యి. నీళ్ళు వచ్చిన రోజు మరవకుండా కడుపునిండా పొయ్యి, ఇంక వాటి ఊసే ఎత్తవద్దు. ఇంతకంటే సులువైన చెట్లు భూమ్మీద లేవు.

మా పక్కింటి ఆనంద్ రోజూ లోకల్ బండిలో బెంగళూరు పోయి వచ్చేవాడే. బుధవారం అట్టపెట్టె అతని చేతికిస్తాను. నీ రెస్టు రోజు బెంగళూరుకు వచ్చి తీసుకుపో.

మామ


అరసికెరె,
1 జులై 2025

మామా,

పెట్టె చేరింది. ఆనంద్ అన్న దాన్ని ఒళ్ళో పెట్టుకుని వచ్చాడట, పక్కనాయన అందులో పిల్లి ఉందా అని అడిగాడట. ఒక్క ఆకు కూడా విరగలేదు. నువ్వు తడిగుడ్డ చుట్టి, ఒక్కొక్క దానికి పేరు రాసి దారంతో కట్టావు చూడు, ఆ పేరు చీటీలు విప్పకుండా అట్లాగే ఉంచాను. చిన్నప్పుడు నీ ఇంట్లో ఉండి చదువుకునేటప్పుడు నా పుస్తకాలకు కూడా ఇట్లాగే అట్ట వేసి పేరు రాసేవాడివి.

నువ్వు చెప్పిన చోట్లే పెట్టాను. స్నేక్ ప్లాంటు బీరువా పక్కన, మనీ ప్లాంటు కిటికీ దగ్గర, కలబంద, దొడ్డపత్రె వరండాలో. పక్క క్వార్టర్సులో అంబుజమ్మ అని ఉంటారు, స్టేషన్లో పట్టాలు మార్చే మా పాయింట్స్‌మన్ గారి భార్య. ఆమె గుమ్మంలో నిలబడి చూసి "ఇంగ ఇంటి మాదిరి ఉండాది" అన్నారు. ఆ ఒక్క మాటకు ఆమెకు కాఫీ ఇచ్చాను, ఇడ్లీ కూడా పెట్టాను. నేను లైన్లో ఉన్న రోజుల్లో కూడా చెట్లకు లోటు రాకూడదని ఆమెకొక తాళంచెవి ఇచ్చి ఉంచాను. నీళ్ళు వచ్చిన రోజు మరవకుండా పోస్తున్నాము, ఆ విషయంలో నువ్వు నిశ్చింతగా ఉండు.

ఒక సంగతి చెప్పాలి. మొన్న ఇనుప ఖనిజం గూడ్సు తీసుకుని పోతున్నాము. సిగ్నలు కనబడగానే నేను గట్టిగా పలకాలి, మా లోకో పైలట్ తిరిగి పలకాలి, అది మా పద్ధతి. మలుపు తిరగగానే నేను "ఎల్లో" అన్నాను. ఆయనకు కొమ్మ అడ్డొచ్చి కనబడలేదు, అయినా నా మాట మీద వేగం తగ్గించాడు. దిగాక మిగతా వాళ్ళ ముందర "ఈ అమ్మాయి కళ్ళుంటే నాకు అద్దాలు అక్కర్లేదు" అన్నాడు. ఇది ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. అమ్మకు చెబితే కొమ్మ ఎందుకు అడ్డొచ్చిందని భయపడుతుంది. అందుకే నీకు.

మనీ ప్లాంటు మాత్రం రెండు రోజుల నుంచి కాస్త వాలినట్టుంది. కొత్త చోటని అలిగిందేమో.

నయన


ఆండర్సన్‌పేట,
9 జులై 2025

నయనమ్మకు,

ఎల్లో సిగ్నలు సంగతి చదివి ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని స్కూలుకు పోయాను. అక్కడ ముగ్గురికి చదివి వినిపించాను. హెడ్‌మాస్టరు గారు రెండోసారి చదవమన్నారు. ఇంజనులో నిలబడి సిగ్నలు పలికే మేనకోడలు ఈ కోలారు జిల్లాలో ఎంతమందికి ఉందో నువ్వే చెప్పు.

ఇంక మనీ ప్లాంటు. చెట్టు వాలితే ఒకటే అర్థం పాపా, దానికి దాహం. అలగడానికి అది మీ అమ్మా ఏమి? నువ్వు నీళ్ళు మరిచిపోయావు. నాలుగు రోజులు లైన్లో ఉండి వచ్చి పడి నిద్రపోయి ఉంటావు, ఆ అంబుజమ్మకు తన ఇంటి పనే తలకు మించి ఉంటుంది. కోప్పడడం లేదు, నా దగ్గర దాచవద్దు అంటున్నాను. నీళ్ళు వచ్చిన రోజు మరవవద్దని అంత విడమర్చి రాశాను కదా. ఒక్కసారి తప్పితే మళ్ళీ వచ్చేదాకా ఆ చెట్టు ఎట్లా ఆగుతుంది?

నేనెందుకు ఇంత చెబుతున్నానో విను. పోయిన సోమవారం ఊరికి పోయి మీ అమ్మతో మాట్లాడాను. మాట్లాడాను అంటే పోట్లాడాను. ఆమె ఆకు కోస్తూనే ఉంది, నేను గట్టు మీద నిలబడి అరుస్తూనే ఉన్నాను. పక్క చేనులో ఆవులప్ప పనాపి మరీ విన్నాడు. నా మేనకోడలు పెంచిన చెట్టు చావదు, ఆగస్టులో పోయి నీ కళ్ళతో చూసుకో, అప్పుడు కూడా చైత్రను పంపనంటే నేను నీ గడప తొక్కను అని చెప్పి వచ్చాను. ఇప్పుడు మీ అమ్మ పట్టు, నీ మాట, నా పరువు మూడూ నీ కుండీల్లో ఉన్నాయి.

ఆనంద్ చేతికి ఇంకొకటి పంపుతున్నాను. జెడ్ జెడ్ ప్లాంటు అంటారు. ఆకులు నూనె రాసినట్టు మెరుస్తాయి. మట్టి కింద దానికి గడ్డలుంటాయి, నీళ్ళు అక్కడే దాచుకుంటుంది. దీన్ని చంపాలంటే పని పెట్టుకుని చంపాలి. దీన్నైనా జాగ్రత్తగా చూసుకో.

మామ


అరసికెరె,
23 జులై 2025

మామా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు జవాబు రాయలేదు. రాస్తే ఏమి రాస్తానో అని భయమేసింది.

నేను మరిచిపోయానని ఎట్లా అనుకున్నావు? ఒక్క రోజు కూడా మరవలేదు మామా, ఒక్కటంటే ఒక్కటి. గోడ మీది క్యాలెండరులో నేను పోసిన రోజుకు గీత, అంబుజమ్మ పోసిన రోజుకు చుక్క పెడుతున్నాను. చెట్లు వచ్చిన రోజు నుంచి ఖాళీ గడి లేదు. పదకొండు గంటల డ్యూటీ చేసి వస్తాను, పెట్టె కింద పెట్టకముందే చెంబు పట్టుకుంటాను. చేతికి గ్రీజు ఉంటే అది కడుక్కునేది కూడా ఆ తర్వాతే. అన్నం కూడా ఆ తర్వాతే. పొద్దున ఒకసారి, వాలినట్టుంటే సాయంత్రం ఇంకోసారి. నువ్వు దాహమన్నాక అది కూడా ఎక్కువ చేశాను.

ఇంత చేసినా ఏమయిందో విను. మనీ ప్లాంటు ఆకులన్నీ పసుపు తిరిగి రాలిపోయాయి. స్నేక్ ప్లాంటు నిన్న పొద్దున నిలబడినది నిలబడినట్టే పక్కకు ఒరిగింది. మొదలు దగ్గర పట్టుకుంటే మెత్తగా చేతికి వచ్చేసింది, కుళ్ళు వాసన. కలబంద నీరుకారిపోయింది. దొడ్డపత్రె నల్లబడింది. నువ్వు పని పెట్టుకుని చంపాలన్న ఆ జెడ్ జెడ్ ప్లాంటు కూడా నిన్నటి నుంచి ఒక కొమ్మ వాల్చింది.

భూమ్మీద ఇంతకంటే సులువైన చెట్లు లేవని రాశావు. ఆ సులువైనవే నా చేతిలో బతకలేదు. అమ్మ అన్నది నిజమేనేమో. సిగ్నళ్ళు చూడడం వచ్చు గానీ, ఇల్లు చూసుకోవడం నాకు రాదేమో. నా వల్ల చైత్ర బతుకు ఆగిపోతుందని తలచుకుంటే అన్నం దిగడం లేదు.

అమ్మ ఆగస్టు పదిన వస్తానని చైత్రతో చెప్పించింది. బజారులో ప్లాస్టిక్ చెట్లు అమ్ముతున్నారు, అచ్చం నిజమైనవి మాదిరే ఉన్నాయి. నాలుగు కొని కుండీల్లో గుచ్చేయనా? నీ పరువు కూడా దక్కుతుంది.

నయన


ఆండర్సన్‌పేట,
1 ఆగస్టు 2025

నయనా, తల్లీ,

నీ ఉత్తరం స్కూల్లో చదివాను. చదివిన చోటే మెట్టు మీద కూలబడ్డాను. మళ్ళీ చదివాను. ప్రతి రోజూ పోశావా? ఒక్క ఖాళీ గడి కూడా లేకుండా?

తప్పు నాది. నీది వెంట్రుకవాసి కూడా కాదు. మా వీధి కొళాయికి నీళ్ళు ఎనిమిది, తొమ్మిది రోజులకొకసారి వస్తాయి. నువ్వు ఈ ఇంట్లో ఉన్నప్పుడు చూశావు కదా, ఆ రోజు పండగే. బిందెలు, బకెట్లు, కుక్కరు, చివరికి టీ గ్లాసులు కూడా నింపుతాము. ఆ రోజే కుండీలకు కడుపునిండా పోస్తాము, ఇంక తొమ్మిది రోజులు వాటి ముఖం చూడము. నీళ్ళు వచ్చిన రోజు అని నేను రాసింది ఆ లెక్కన. నీ క్వార్టర్సులో రోజూ నీళ్ళు వస్తాయన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. మన ఉత్తరాల్లో ఆ మాట నేనడగనూ లేదు, నువ్వు చెప్పనూ లేదు. పైగా దాహమని తిట్టి ఇంకో చెంబు పోయించాను. నీ చెట్లు ఎండి చావలేదు పాపా, మునిగి చచ్చాయి. మునిగిన చెట్టు కూడా ఎండిన చెట్టు మాదిరే వాలుతుంది. ఇన్నేళ్ళుగా మట్టి పిసుకుతున్నాను, అది కూడా అడగకుండా నీ మీద నింద వేశాను. మామను క్షమించు.

ఇప్పుడు ఇట్లా చెయ్యి. కుండీల్లోంచి అన్నీ తీసి కాగితం మీద పరిచి ఆరబెట్టు. నల్లబడిన వేరు కోసి పారెయ్యి, తెల్లగా గట్టిగా ఉన్నది ఉంచు. రెండు రోజులాగి పొడి మట్టిలో నాటు. ఇంక వేలు మట్టిలో రెండు కణుపులు దింపి చూడు, అడుగున కూడా పొడిగా ఉంటేనే నీళ్ళు.

ప్లాస్టిక్ చెట్టు మాత్రం తేవద్దు. పరువు పోతే పోనీ. మీ అమ్మ ముందర అబద్ధం నిలబెట్టి చైత్రను పంపిస్తే, ఆ పిల్ల అబద్ధం మీద పోయినట్టవుతుంది.

ఈ ఉత్తరం మీ అమ్మకంటే ముందు నీకు చేరాలని దేవుణ్ణి వేడుకుంటున్నాను.

మామ


అరసికెరె,
13 ఆగస్టు 2025

మామా,

నీ ఉత్తరం నాకంటే ముందు అమ్మ చేతికి చిక్కింది. జరిగింది వరసగా చెబుతాను.

అమ్మ పదో తేదీ అన్నది తొమ్మిదినే వచ్చేసింది. ఆ రోజు నేను లైన్లో ఉన్నాను. అంబుజమ్మ తాళం తీసి కూర్చోబెట్టి, తనింట్లో భోజనం పెట్టారట. ఆ పగలంతా అమ్మ ఒక్కతే నా గదిలో ఉంది. ప్లాస్టిక్ చెట్లు నేను కొనలేదు. బజారుకు పోయి, చేతిలోకి తీసుకుని కూడా తిరిగి పెట్టేశాను. కాబట్టి అమ్మ చూసినవి ఆ వాలిన కుండీలే.

మరుసటి రోజు పొద్దున నేను వచ్చి తలుపు తోశాను. వరండాలో కన్నడ పేపరు పరిచి ఉంది. చెట్లన్నీ మట్టితో సహా దాని మీద పీకి పడేసి ఉన్నాయి. అమ్మ కొంగు నడుముకు చుట్టుకుని, నా కూరగాయల కత్తి పట్టుకుని మధ్యలో కూర్చుంది. పారేస్తున్నదనుకున్నాను. ఇంక చైత్ర సంగతి కూడా ఇంతే అనుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను.

నా ముఖం చూడకుండానే "ముందు నీళ్ళు తాగు. చెట్టుకు పోసింది చాలు" అంది.

నువ్వు రాసిన ఉత్తరం అప్పటికే విప్పి చదివింది. నీ తప్పంతా ఒప్పుకున్నావు కదా, ఇంక నిన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఉత్తరం చదవకముందే తనకు తెలిసిపోయిందట. వచ్చిన గంటలోనే మనీ ప్లాంటును పీకి వేరు వాసన చూసిందట, తర్వాత లేచి పోయి క్యాలెండరు ముందు నిలబడిందట. గీతలూ చుక్కలూ ఏమిటని అంబుజమ్మను అడిగితే ఆమె అంతా చెప్పారు. గ్రీజు చేతుల సంగతి కూడా చెప్పారు.

అప్పుడు అమ్మ నాకు ఒక సంగతి చెప్పింది మామా. నాకెప్పుడూ చెప్పలేదు, నీకు తెలుసో లేదో. పెళ్ళయి వచ్చిన కొత్తలో, పంతొమ్మిదేళ్ళప్పుడు, మొదటిసారి పురుగుల పని తనకే అప్పజెప్పారట. ఎండకాలం, పురుగులకు దాహమేస్తుందని ఆకును నీళ్ళలో ముంచి తడిగా వేసిందట. తడి ఆకు తిని నాలుగు రోజుల్లో ఒక్కటి మిగలకుండా చచ్చిపోయాయట. పురుగులు పెంచిన పళ్ళాలు ఏడుస్తూ కడిగిందట. ఇంట్లో అందరూ చేతకానిదన్నారు, తన అత్త, మా అవ్వ మాత్రం అనలేదట. పట్టించుకోక చంపిన చెయ్యి వేరు, ఎక్కువ పట్టించుకుని చంపిన చెయ్యి వేరు, ఈ రెండోదానికి పని నేర్పవచ్చు అన్నదట ఆమె.

"నువ్వు గూడా నా మాదిరే చంపినావు పాపా" అంది అమ్మ. అని నవ్వింది. ఆమె నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఇద్దరం కలిసి వేర్లు కోశాము. జెడ్ జెడ్ గడ్డలు గట్టిగానే ఉన్నాయి. స్నేక్ ప్లాంటులో కత్తుల్లాంటి ఆకులు రెండు దక్కాయి. దొడ్డపత్రె ఒక కొమ్మ. మనీ ప్లాంటు, కలబంద పోయాయి.

కానీ మామా, చైత్ర గురించి ఒక్క మాట చెప్పలేదు. స్టేషన్లో నేనే అడిగాను. "ఇంటికి పోయి మాట్లాడతా" అని ముఖం తిప్పుకుంది. ఆ గొంతు నాకు తెలుసు, వద్దనే ముందు అట్లాగే అంటుంది. చెట్ల విషయంలో నన్ను క్షమించింది గానీ ఇంకో బిడ్డను ఈ బతుక్కి ఇవ్వదు. నువ్వు మళ్ళీ పోయి పోట్లాడవద్దు. ఈసారి ఆమె మాటే కానీ.

నయన


ఆండర్సన్‌పేట,
16 సెప్టెంబరు 2025

ఇంజను తోలే నయనమ్మకు మామ రాసేది,

నెల రోజులు ఉత్తరం రాయకపోవడానికి కారణం ఉంది. మీ అమ్మ నా నోటికీ చేతికీ తాళం వేసింది. పని తేలకముందే చెబితే దిష్టి తగులుతుందట, నీకు ఒక్క అక్షరం రాస్తే బాగుండదని గట్టిగా చెప్పింది, చైత్రను కూడా ఫోన్లో నోరెత్తనివ్వలేదు. ఇప్పుడు తేలింది కాబట్టి రాస్తున్నాను.

నువ్వు ఆమె గొంతు తెలుసన్నావు. ఈసారి తెలియలేదు నీకు. ఆమె ముఖం తిప్పుకున్నది కళ్ళు తుడుచుకోవడానికి. ఊరు చేరి ఆ సాయంత్రమే చైత్రను పిలిచి, ట్రైనింగుకు ఏమేమి కావాలో రాసి ఇమ్మందట. ఆ పిల్ల నమ్మక రెండుసార్లు అడిగింది. తర్వాత నెలంతా ఒకటే హడావుడి. రాగి పిండి విసిరించడం, పచ్చళ్ళు, దుప్పట్లు, బూట్లు. బూట్లు కొనడానికి బంగారుపేట తనే పోయి, అంగడివాణ్ణి ఏడు జతలు తీయించి, ఇంజను మెట్లు ఎక్కేదానికి జారకుండా ఉండేవి కావాలని అడిగిందట. వాడు ఇంజనా అని నోరు తెరిచాడట. "అవునప్పా, ఇది రెండోది. పెద్దది ఇప్పుడే తోలుతాండాది" అన్నదట మీ అమ్మ.

ఆదివారం పొద్దున బంగారుపేట స్టేషన్లో చైత్రను ఎక్కించాము. మీ అమ్మ, నేను, ఆనంద్, ఊరి నుంచి ఆవులప్ప కూడా వచ్చాడు. బండి రావడానికి ఇంకా టైముంది. ఆవులప్ప ఊరుకోలేక మీ అమ్మను అడిగాడు, ఇద్దరు ఆడబిడ్డల్నీ రైళ్ళకిచ్చేస్తే నీకు భయం లేదా అని. అతను అడిగింది నాకు వినబడలేదు, పెదాలు చూసి తెలుసుకున్నాను. మీ అమ్మ చెప్పింది మాత్రం పూర్తిగా వినబడింది. నాకు కూడా తెలియాలని నా వైపు తిరిగి అంత గట్టిగా చెప్పింది. ప్లాట్‌ఫారం మీద టీ అమ్మేవాడు కూడా ఆగాడు.

"నా పెద్దబిడ్డ డ్యూటీ దిగి వస్తే, ఆకలేస్తాన్నా అన్నం ముట్టకుండా, ముందు కుండీలోని చెట్టుకు నీళ్ళు పోసినాది. నలభై దినాలు, ఒక్క దినం తప్పలేదు. నేను చూసినాను. అట్లాంటి చేతిలో ఎంతమంది ప్రాణాలు పెట్టినా నాకు భయం లేదు" అంది.

ఆవులప్ప తల ఊపి చైత్ర పెట్టె ఎత్తుకున్నాడు. నేను అటు తిరిగి కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. భూమికి అన్ని వేల అడుగుల కింద డ్రిల్లు పట్టి నిలబడినప్పుడు కూడా ఇంత గర్వం పడలేదు నేను. నా చెల్లెల్ని చూసి పడ్డాను, నిన్ను తలచుకుని పడ్డాను.

చైత్ర నిన్న చేరిపోయింది. మీ అమ్మ నిన్న రాత్రి మా ఇంట్లోనే ఉంది, ఇప్పుడు నా పక్కన కూర్చుని ఇంతసేపూ ఏమి రాస్తున్నావని పోరుతోంది. తన మాటగా నీకు కొంత రాయమంటోంది. ఆమె చెప్పినది చెప్పినట్టే కింద రాస్తున్నాను, నా మాట ఒక్కటి కూడా కలపలేదు.

మామ ఓబలప్ప

నయనా, అమ్మను చెప్తాండాను. చైత్ర చేరింది, దానికి ధైర్యం చెప్పి రాయి. నువ్వు ఇప్పుడు తోలేది గూడ్సు బండి, దాంట్లో మనుషులెక్కేదానికి లేదని అంబుజమ్మ చెప్పినాది. మనుషులెక్కే బండి నీ చేతికిచ్చిన పొద్దు నాకు తెలియజెయ్యి. పురుగులు ఏ దశలో ఉన్నా సరే, ఎవురికన్నా ఒప్పజెప్పి వస్తా. పాసు గీసు అని నువ్వేమీ తేవద్దు, నా టికెట్టు నేనే కొనుక్కుంటా. ఇంజను ఎనకాల మొదటి పెట్టెలో కూర్చుంటా. నన్ను యాడికి తీసుకోని పోతావో పో.